కరణం పోయాక ఊరి లెక్క ఎవరి దగ్గరుంది?

తెలంగాణ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో సుమారు 5 వేల మంది గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు ఇచ్చింది. వీళ్లు ఆ పనికి కొత్తవాళ్లేమీ కారు. 2020లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పోస్టులు రద్దయ్యాక వేరే శాఖలకు సర్దుబాటైన పాత వీఆర్వోలు, గ్రామ రెవెన్యూ సహాయకులైన వీఆర్‌ఏలే పరీక్ష రాసి మళ్లీ ఊళ్లకు వచ్చారు. వద్దనుకున్న మనుషులనే ఐదేళ్లు తిరగకుండా వెతికి తెచ్చుకోవలసి రావడం చూసి ఇదంతా రాజకీయమే అన్నవాళ్లు ఉన్నారు. రాజకీయం లేకపోలేదు. కానీ చిక్కు అంతకన్నా పాతది. ఊరి భూమి గురించిన సమాచారం కాగితంలో ఎంత ఉంటుంది, మనిషి బుర్రలో ఎంత ఉంటుంది? ఈ లెక్క తేల్చుకోవడంలో రెవెన్యూ శాఖ నలభై ఏళ్లలో రెండుసార్లు బోల్తాపడింది.

ఇంగ్లీషువాళ్లు రాకముందే తెలుగు ఊళ్లలో లెక్కలు ఉండేవి. ఊరి పుట్టుక, పొలిమేరలు, మాన్యాలు, ఎవరికి ఏ ప్రభువు ఏమిచ్చాడన్న వివరాలు రాసిన కవిలెలను కరణాలు తరతరాలుగా తమ ఇళ్లలోనే దాచుకునేవారు. ఇంగ్లీషు సర్వే అధికారి కల్నల్ మెకంజీ తరఫున కావలి సోదరులు ఊరూరి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు సేకరించినప్పుడు వాళ్లకు ఆధారమైనవి చాలావరకు ఈ కవిలెలే. 1800లో దత్త మండలాలకు (ఇప్పటి రాయలసీమ ప్రాంతం) ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లు అక్కడే ఉండి, పొలాలన్నీ కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. పాలెగాళ్లను అణచగలిగాడు గానీ కరణాన్ని తప్పించలేకపోయాడు. ఏ చెక్క ఎవరి సాగులో ఉందో చెప్పడానికి ఊళ్లో ఇంకొకరు లేరు మరి.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో సర్వే సెటిల్‌మెంట్ శాఖ ఏర్పడింది. ఆ తర్వాత తయారైన పొలం కొలతల పుస్తకం, అంటే ఎఫ్‌ఎంబీ కాగితం ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే ఆ పనితనం తెలుస్తుంది. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పటం. పొలానికి అడ్డంగా ఒక కొలత గీత, దాని నుంచి గట్టు వంపులకు తీసిన చిన్న చిన్న గీతలు, మూలల్లో రాళ్ల గుర్తులు. 66 అడుగుల గొలుసును 100 లింకులుగా చేసి ఆ లెక్కలో వేసిన పొడవులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. దీనికి జోడీ అడంగల్. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు, అనుభవదారు (భూమి నిజంగా ఎవరి స్వాధీనంలో ఉందో ఆ మనిషి), పంట, నీటి వసతి అందులో ఉంటాయి. జూలై 1న ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) మొదలైతే పంట కాలంలో పొలం గట్ల మీద తిరిగి అజమాయిషీ (పంట తనిఖీ) చేసి, జమాబందీ (ఏటా జరిగే లెక్కల తనిఖీ) నాటికి లెక్క సరిచూపించాలి.

ఇంత పకడ్బందీ కాగితంలోనూ పట్టనిది చాలా ఉంటుంది. ఒక నంబరులో నాలుగెకరాల ముప్ఫై సెంట్లు ఒకే పేరు మీద ఉందనుకోండి. ఆ పేరుగల మనిషి పోయి పదేళ్లైంది. ముగ్గురు కొడుకులు పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నారు. నడిపివాడు తన వాటా కౌలుకిచ్చి పట్నం వెళ్లాడు. తూర్పు గట్టు వాగు పొంగినప్పుడు జరిగింది. కరణానికి ఇవన్నీ తెలుసు. అడంగల్లో పేరు మాత్రం ఇంకా తండ్రిదే.

తెలిసిన విషయాన్ని తన గుప్పిట్లోనే ఉంచుకోవడమే కరణం బలం. ఒక కరణం మరో కరణానికి సైతం మర్మం చెప్పడన్న నానుడి ఊరికే పుట్టలేదు. కౌలుదారు పేరు రాయాలన్నా, రాయకుండా వదిలేయాలన్నా కలం ఆయనదే. పైగా ఆ పదవి వంశపారంపర్యం. దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు 1960లో ఇచ్చిన తీర్పు ఈ గ్రామోద్యోగాల వారసత్వాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత కూడా చాలా ఊళ్లలో పాత కుటుంబాలదే పెత్తనం. 1984 జనవరి 6న ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పోస్టులన్నిటినీ ఒక్క దెబ్బకు రద్దు చేసింది. కోస్తా, రాయలసీమల్లో కరణాలు, మునసబులు, తెలంగాణలో పటేళ్లు, పట్వారీలు ఇంటికి వెళ్లారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పల్లెల్లో సంబరపడినవాళ్లు తక్కువేమీ కాదు. ఆ పని ఎప్పుడో జరగవలసిందే అని నా అభిప్రాయం కూడా.

చేసిన తీరులోనే లోపముంది. అప్పుడు 1393 ఫసలీ నడుమన ఉంది, ఆ ఏటి లెక్క ఇంకా ముగియలేదు. చాలా ఊళ్లలో పాత పుస్తకాలు కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి. చేతికి వచ్చినవాటిని చదవడం కొత్తవారికి తెలియదు. ప్రభుత్వ కార్యాలయాల్లో చార్జి అప్పగింత అంటే ఒక జాబితా: రిజిస్టర్లు ఇన్ని, పేజీలు ఇన్ని, కింద ఇద్దరి సంతకాలు. అప్పగించే మనిషికి ఏమి తెలుసో రాసే గడి అందులో లేదు. మనిషి తనకు తెలిసినదంతా మాటల్లో పెట్టలేడని తత్వవేత్త మైకేల్ పొలానీ 1960ల్లోనే వాదించాడు. 1990ల్లో జపాన్ ఆచార్యుడు ఇకుజిరో నొనాకా ఆ ఆలోచనను కంపెనీల నిర్వహణకు అన్వయించాక పెద్ద సంస్థలన్నీ దాని వెంటపడ్డాయి. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రోజూ అనే 'కేటీ' (నాలెడ్జ్ ట్రాన్స్ఫర్) అదే. ప్రాజెక్టు వదిలి వెళ్లేవాడు వచ్చేవాడి పక్కన కొన్నాళ్లు కూర్చుని పని అప్పజెప్పాకే కదులుతాడు. 1984లో కరణానికీ కొత్త గ్రామ సహాయకుడికీ మధ్య అలాంటి వారం రోజులు కూడా లేవు. ఆపైన పోస్టు పేర్లు మారుతూ వచ్చాయి. 2002లో పంచాయతీ కార్యదర్శులు, 2007లో వీఆర్వోలు. మారిన ప్రతిసారీ తెలిసినదాంట్లో కొంత జారిపోయింది.

తెలంగాణ చిక్కు ఇంకో రకం. నిజాం కాలపు సేత్వార్లు (సర్వే తర్వాత రాసిన భూమి లెక్కలు), టిప్పన్లలో (పొలం కొలతల పటాలు) చాలావాటిని చదవాలంటే పాత లిపులు తెలిసినవారు కావాలి. అడంగల్‌ను తెలంగాణలో పహాణీ అంటారు. 1954-55 ఖాస్రా పహాణీని ఈరోజుకూ కోర్టుల్లో చూపిస్తున్నారంటే, ఆ ఏడు ఎవరి స్వాధీనంలో ఏముందో అది నమోదు చేసినందుకే. ఇక సాదా బైనామాలు. తెల్ల కాగితం మీద రాసుకుని సొమ్ము చెల్లించి, దశాబ్దాలుగా సాగు చేసుకుంటున్న వాళ్ల పేర్లు పట్టాదారు గడిలోకి ఎక్కలేదు. అనుభవదారు గడిలో మాత్రం కనిపించేవి. కొనుగోలుకు ఊరి లెక్కలో మిగిలిన ఆనవాలు చాలామందికి అదొక్కటే.

ఆ గడే పోయింది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2020 సెప్టెంబరు 7న వీఆర్వోలు తమ దగ్గరున్న రికార్డులన్నీ అదే రోజు అప్పగించాలని ఆదేశాలు వెళ్లాయి. కొద్ది రోజులకే పోస్టుల రద్దు చట్టమైంది, అక్టోబరు 29న ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ మొదలైంది. లంచాలకు అవకాశం ఉండకూడదు, అధికారి ఇష్టానికి ఏదీ వదలకూడదు అన్నది ప్రభుత్వ వాదన. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకే పూటలో అయిపోవడం రైతుకు చిన్న ఊరట కాదు. అయితే ధరణిలో అనుభవదారు గడి ఉండేది కాదు. పాత పహాణీలో తప్పు పడితే దిద్దించుకోవడానికి తహసీల్దారు ఉండేవాడు, పైన ఆర్డీవో ఉండేవాడు. ధరణి వచ్చాక చాలా తప్పులకు సివిల్ కోర్టే గతి అయింది. ఊరి సంగతి తెలిసిన వీఆర్వోలను 2022లో లాటరీ తీసి మరీ ఇతర శాఖలకు పంపించారు. సమాచార వ్యవస్థ నిర్వహణ ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. 2024లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు మారింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూ భారతి అప్పీళ్లకు మళ్లీ దారి తెరిచింది, అనుభవదారు వివరాలకు చోటిచ్చింది.

ఆంధ్రప్రదేశ్ కాగితాన్నే తిరగరాయాలనుకుంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో కొలిచి, సర్వే నంబర్ల బదులు ఒక్కో భూకమతం పటానికి (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) ఎల్‌పీఎం నంబర్లు ఇచ్చారు. కొలత పాత గొలుసు కన్నా కచ్చితం, సందేహం లేదు. కానీ అన్నదమ్ముల వాటాలు విడదీయని చోట అందరినీ కలిపి జాయింట్ ఎల్‌పీఎం చేసేశారు. తన వాటా అమ్ముకోవాలన్నా విభజన చేయించుకోక తప్పని రైతులు తహసీల్దారు కార్యాలయాల చుట్టూ తిరిగారు. గట్టు ఎక్కడుందో డ్రోను చెబుతుంది, ఆ గట్టుకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఏమి ఒప్పుకున్నారో చెప్పలేదు. భూ యాజమాన్య హక్కుల చట్టం మీద ఎన్నికల వేళ రేగిన భయానికీ మూలం ఇదే: రాసేవాడు తప్పు రాస్తే అడిగే చోటేది? ఆ చట్టం 2024లో రద్దయింది.

మరి ఈరోజు పొలం గట్ల మీద తిరిగే ప్రభుత్వ మనిషి ఎవరు? ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదుకు వెళ్లే గ్రామ వ్యవసాయ సహాయకుడు, తెలంగాణలో పంటల నమోదు చేసే వ్యవసాయ విస్తరణ అధికారి. ఒకప్పుడు కరణం చేసిన అజమాయిషీలో పెద్ద భాగం ఇప్పుడు వాళ్ల ఫోన్లలో జరుగుతోంది. ఏ చెక్కను నిజంగా ఎవరు సాగు చేస్తున్నారో పంట పంటకూ వాళ్లు చూస్తున్నారు. అయితే వాళ్లది వ్యవసాయ శాఖ, హక్కుల రికార్డు రెవెన్యూ శాఖది. భూ భారతిలో అనుభవదారు వివరాలు నింపే పని ఇప్పుడు గ్రామ పాలన అధికారులకు వస్తే, వాళ్లు ముందుగా అడగవలసింది పక్క శాఖ వాళ్లనే. ఆ శాఖ రాసే పంట లెక్క, కొలత కోసమో కొనుగోలు కోసమో తప్ప, హక్కు తేల్చడానికి రాస్తున్నది కాదు.