కరగకముందే కదిలే నైలాన్

కొత్తపట్నంలో వలలు బాగుచేసే కుర్రాడొకడు అడిగాడు: "సార్, తాడు కోశాక పురులు విడిపోకుండా కొసని లైటర్‌తో కాలుస్తాం కదా. నైలాన్ ఉన్నట్టుండి కరిగిపోతుందా, లోపల ముందే ఏమన్నా అవుద్దా?"

ముందే అవుతుంది! బడిలో ఘనం, ద్రవం, వాయువు అని మూడు గళ్ళు గీసి పాఠం ముగించేస్తాం. ఘనంగా ఉంటూనే పదార్థం లోపల ఎంత మారుతుందో పిల్లలకు చెప్పం. నాకది పెద్ద లోటనిపిస్తుంది.

మన వలల్లో ఎక్కువగా వాడే నైలాన్ 6 కథ కాస్త చిక్కు, కాబట్టి మరో రకమైన నైలాన్ 66 చూద్దాం. దాని స్ఫటికాన్ని ఒకదానిపై ఒకటి పరిచిన తుంగచాపల దొంతర అనుకోండి. ఒక్కో తుంగపుల్ల ఒక్కో పొడవాటి అణుగొలుసు. పుల్లల్ని పక్కపక్కన పట్టి ఉంచే దారాలు హైడ్రోజన్ బంధాలు. ఒక గొలుసులో నైట్రోజన్‌కు అంటుకున్న హైడ్రోజన్, పక్క గొలుసులోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. చాపకీ చాపకీ మధ్య మాత్రం దారం లేదు, అణువుల మధ్య ఉండే బలహీనమైన వాండర్‌వాల్స్ ఆకర్షణ తప్ప.

ఎక్స్‌రేలు పంపితే రెండు దూరాలు విడివిడిగా కనిపిస్తాయి: చాపలో పుల్లల వరసకు సుమారు 0.44 నానోమీటర్లు, చాపల మధ్య 0.37. ఇప్పుడు వేడిచేయండి. కట్టులేని చాపలు ఎడమవుతాయి. కట్టున్న పుల్లల దూరం కొద్దిగా తగ్గుతుంది. స్ఫటికం తయారైన తీరును బట్టి, సుమారు 160 నుంచి 200 డిగ్రీల మధ్య రెండు దూరాలూ 0.42 దగ్గర కలిసిపోతాయి. ప్రతి పుల్ల చుట్టూ ఆరు పుల్లలు, అన్నీ ఇంచుమించు సమదూరంలో! కొసల వైపు నుంచి చూస్తే చాప ఎటు పరిచారో దూరాలను బట్టి చెప్పలేం. 1942లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ బ్రిల్ గమనించిన ఈ మార్పును బ్రిల్ పరివర్తన అంటారు.

ఇంతా జరిగినా దారాలు తెగవు. నన్ను కట్టిపడేసేది ఇదే. అయస్కాంత క్షేత్రంలో అణువుల తీరును, కదలికను పసిగట్టే ఎన్‌ఎంఆర్ పరీక్షల్లో హైడ్రోజన్ బంధాలు నిలిచే ఉన్నాయని తేలింది. కదిలేది, పుల్లకు దారం కట్టిన రెండు ముడుల మధ్య ఉన్న సీహెచ్2 భాగం, అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న ముక్క. ముడి దగ్గర బిగుసుకుని, మధ్యలో మెలితిరిగే పుల్లలన్నమాట. ఆ మెలికలకు చోటు కావాలి, అందుకే చాపలు జరుగుతాయి.

కరగడానికి ఇంకా 265 డిగ్రీల దాకా వెళ్ళాలి. అంతకు ముందే నిదానంగా చల్లారిస్తే రెండు దూరాలూ మళ్ళీ విడిపోతాయి. కరిగించి గబుక్కున చల్లార్చిన నైలాన్‌లో మాత్రం చాపలు సర్దుకునే వ్యవధి ఉండదు. గది వేడిలోనూ ఆ రెండు దూరాలు దగ్గరదగ్గరగానే ఉండిపోతాయి.