అపోహలు - వాస్తవాలు: బ్యాంకాక్‌లో కూర్చుని పనిచేస్తే ఇండియా పన్ను పోతుందా?

ఆదాయపన్ను రిటర్న్‌ల సీజన్ వచ్చిందంటే ఇదే ప్రశ్న: "సార్, 182 రోజులు బయట ఉంటే ఎన్నారై అయిపోయినట్టే కదా?" అడిగేది హైదరాబాద్ కంపెనీ ఉద్యోగం చేస్తూనే, ఖర్చు తక్కువని థాయ్‌లాండ్‌కో వియత్నాంకో మకాం మార్చిన కుర్రాళ్లు. ఈ 182 ఎవరు నూరిపోస్తున్నారో గానీ, సగం చెప్పి వదిలేస్తున్నారు.

అపోహ: ఇక్కడ 182 రోజులు లేకపోతే నాన్‌రెసిడెంటే, అంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసి కానట్టే.

వాస్తవం: ఇంకో పరీక్ష ఉంది. ఆ ఆర్థిక సంవత్సరంలో 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ ఉన్నా రెసిడెంటే. ఇక్కడే పుట్టి పెరిగినవాడికి ఆ 365 ఎలాగూ ఉంటాయి. ఉద్యోగం కోసం దేశం దాటిన ఏడాది మాత్రం భారత పౌరుడికి 60 బదులు 182 వర్తిస్తుంది. చిక్కంతా ఆ 'ఉద్యోగం కోసం' దగ్గరే. సొంత వ్యాపారం, వృత్తి కోసం వెళ్లినా చెల్లుతుందని కేరళ హైకోర్టు 2011లో చెప్పింది, టూరిస్టుగా వెళ్తే చెల్లదనీ చెప్పింది. మీ ఉద్యోగమేమో గచ్చిబౌలిలోనే ఉంది, మీరేమో టూరిస్టు ముద్రతో బ్యాంకాక్‌లో దిగారు. మరి ఏ ఉద్యోగం కోసం వెళ్లినట్టు?

నా క్లయింట్ ఒకతను జూలై మధ్యలో వెళ్లాడు. అంటే ఏప్రిల్ నుంచి ఇక్కడ వంద రోజులు దాటాయి. నాన్‌రెసిడెంట్‌నని తనే రిటర్న్ వేసి, జీతంలోంచి కంపెనీ ముందే కోసిన పన్ను (టీడీఎస్) మొత్తం రీఫండ్ అడిగాడు. నోటీసు వచ్చింది. అతని కంటే ముందు వాళ్లమ్మగారు ఫోన్ చేశారు: "మావాణ్ణి ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారా బాబూ?" పట్టుకోరమ్మా. వివరణ ఇచ్చి, కట్టాల్సిన పన్ను వడ్డీతో కడితే సరిపోయే వ్యవహారం అది. ఆవిడ టెన్షన్ తగ్గించడానికి పట్టినంత సమయం ఆ నోటీసుకు జవాబు రాయడానికి పట్టలేదు.

నిజంగానే నాన్‌రెసిడెంట్ అయ్యారనుకుందాం. జీతం ముందు ఇక్కడి ఖాతాలోనే పడుతుంటే, ఇండియాలో అందుకున్న ఆదాయమని ఆదాయపన్ను శాఖ పన్ను అడుగుతుంది. దీని గురించి అడిగేవాళ్లే లేరు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. దూరం నుంచి పనిచేసుకునేవాళ్లు తీసుకునే థాయ్ డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) ఐదేళ్లది, ఒక్కో రాకకు 180 రోజులు. కానీ వీసా వేరు, పన్ను వేరు. క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులుంటే అక్కడ పన్ను రెసిడెంట్ అవుతారు. 2024 నుంచి సంపాదించి అక్కడికి తెచ్చుకునే విదేశీ ఆదాయంపై వాళ్లూ పన్ను అడగొచ్చు. ఒకే ఆదాయంపై రెండుసార్లు పన్ను పడకుండా రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది, కాగితాలుంటే ఉపశమనం దొరుకుతుంది. వియత్నాం 90 రోజుల ఈ-వీసా ఉండటానికే, పని అనుమతి కాదు. దేశాలు తిరుగుతూ ఉంటే ఎక్కడా కట్టక్కర్లేదన్నది మరో పుకారు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, నివాసం కారణంగా మరే దేశపు పన్ను పరిధిలోకీ రాని భారత పౌరుణ్ణి 2020 సవరణ రెసిడెంట్‌గానే లెక్కేస్తుంది. ఇంకా ఇండియాలో పూర్తి రెసిడెంట్‌గానే ఉంటే, అక్కడ తెరిచిన బ్యాంకు ఖాతాను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపాలి.

వెళ్లే ఆలోచన ఉంటే టికెట్ కొనకముందే తేదీ చూసుకోండి. ఏప్రిల్‌లో వెళ్లినవారికీ ఆగస్టులో వెళ్లినవారికీ లెక్క ఒకటి కాదు. దసరాకో సంక్రాంతికో వచ్చి ఇంట్లో గడిపే రోజులు కూడా ఇక్కడున్న రోజుల లెక్కలోకే వస్తాయి.