నలభై దాటిన ఊపిరి: తరుగుదల వెనక కథ

ఊపిరితిత్తుల శక్తి, అంటే గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, 20–25 ఏళ్ల వయసులో నిండుగా ఉంటుంది. ఆ తర్వాత ఏ జబ్బూ లేనివాళ్లకైనా ఏడాదికి 25–30 మిల్లీలీటర్ల చొప్పున తరుగుతూ వస్తుంది. కొందరికి ఈ తరుగు ఇంకా వేగం. రోజూ డ్యూటీకి వెళ్లొచ్చే నలభై అయిదేళ్ల మనిషికి అది తెలియదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చినా వయసు మీద పడుతోందని సరిపెట్టుకుంటాడు. దీని వెనక ఇన్‌ఫ్లమేషన్ (హాని మీద శరీరం చేసే పోరాటంలో వచ్చే వాపు) పాత్ర ఉందని తేలడానికి వందేళ్లకు పైనే పట్టింది.

ముందు కొలత వచ్చింది. 1846లో లండన్ డాక్టర్ జాన్ హచిన్సన్ తన స్పైరోమీటర్‌ను లోకానికి వివరించాడు. నీళ్లలో బోర్లించిన పాత్ర, దానికి కప్పీల మీదుగా వేలాడే బరువులు. గుండెల నిండా గాలి పీల్చి గొట్టంలోకి ఊదితే పాత్ర పైకి లేస్తుంది. రెండు వేల మందికి పైగా ఊదించాడాయన. వాళ్లలో పోలీసులు, సైనికులు, నావికులు ఉన్నారు. అంటే ఈ పరీక్ష పుట్టిందే పనిచేసే జనం మధ్య. అయితే అది ఎంత గాలి ఊదారన్నదే చెప్పేది. మొదటి సెకనులో ఎంత ఊదగలరన్న లెక్క 1947లో ఫ్రాన్స్‌కు చెందిన టిఫెనో ఇచ్చాడు.

1952 డిసెంబరులో పొగమంచు లండన్‌ను కమ్మేసి వేల మందిని బలిగొంది. దగ్గు, కఫం, మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్లే ఊపిరితిత్తులను పాడుచేస్తాయని అప్పట్లో చాలామంది వైద్యుల నమ్మకం. బ్రిటిష్ వైద్యుడు ఛార్లెస్ ఫ్లెచర్ బృందం 1961 నుంచి ఎనిమిదేళ్లపాటు లండన్‌లో ఉద్యోగాలు చేసుకునే మగవాళ్లను వరసగా పరీక్షించి ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. కఫం ఎక్కువున్నంత మాత్రాన తరుగు వేగం పెరగలేదు. పొగతాగేవాళ్లలో కొందరికే అది బాగా పెరిగింది. మానేస్తే పోయిన శక్తి తిరిగి రాలేదు గానీ, ఆపై తరుగు మామూలు వేగానికి వచ్చింది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకన్నా పనికొచ్చే ఫలితం లేదు. ఒక్క జాగ్రత్త: బాగా ఆయాసపడేవాళ్లు ముందే ఉద్యోగం మానేస్తారు కాబట్టి, పనిలో ఉన్నవాళ్లను మాత్రమే చూస్తే నష్టం అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది.

మరి కొందరికే ఎందుకు? 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అనే పరిశోధకులు ఒక రక్షక ప్రోటీన్ లోపించినవాళ్లను గుర్తించారు. పొగ, దుమ్ము లోపలికి వెళ్లినప్పుడు వాటిని ఎదుర్కోవడానికి వచ్చే తెల్లరక్తకణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి; ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇదే. దాన్ని అదుపు చేసే ఆ ప్రోటీన్ చాలకపోతే, ఎంజైమ్ ఊపిరితిత్తి సాగే గుణాన్నే తినేస్తుంది. 1968లో హాగ్ అనే పరిశోధకుడి బృందం 2 మిల్లీమీటర్లకన్నా సన్నని శ్వాసనాళాల్లోనే అసలు అడ్డంకి ఉందని చూపింది. అవి లెక్కలేనన్ని కాబట్టి, చాలావరకు మూసుకుపోయాకే స్పైరోమెట్రీలో (ఊదే పరీక్షలో) తేడా తెలుస్తుంది. మధ్యవయసులో ఏమీ లేదనిపించడానికి కారణం ఇదే.

ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే సీఆర్‌పీ అనే ప్రోటీన్ 1930లోనే న్యుమోనియా రోగుల రక్తంలో బయటపడింది. దాన్ని కొద్ది మోతాదులో ఉన్నా పట్టే పరీక్షలు వచ్చాక, సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్లకు ఊపిరితిత్తుల శక్తి తక్కువని అధ్యయనాలు చెప్పాయి. పొట్ట దగ్గర కొవ్వు పెరిగినా సీఆర్‌పీ పెరుగుతుంది, ఊపిరీ తగ్గుతుంది, అందుకే లెక్క చిక్కుపడింది. పుట్టుకతో సీఆర్‌పీ ఎక్కువుండే జన్యువులున్నవాళ్లకు సీఓపీడీ (శ్వాసనాళాలు మూసుకుపోయి గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక జబ్బు) ఎక్కువేమీ కాదని 2011లో తేలింది. కాబట్టి అది గుర్తే, కారణం కాదు. రక్తపరీక్ష బాగుందని ఊదే పరీక్ష మానుకోవడం తప్పు.

2015లో మరో మలుపు వచ్చింది. సీఓపీడీ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి నలభైకి ముందే ఊపిరితిత్తుల శక్తి తక్కువ, తర్వాత తరుగు మామూలే. నలభై అయిదో ఏట మొదటిసారి ఊదినవాళ్ల అంకె తక్కువొస్తే, అది పెద్దయ్యాక తరిగిందా, చిన్నప్పుడే పెరగలేదా అన్నది ఆ ఒక్క పరీక్షతో చెప్పలేం.