టన్ను పెరాక్సైడ్‌కు ఎన్ని ఎకరాల ఎండ?

ఎండ, నీళ్ళు, గాలి ఉంటే కాగితం గుజ్జును తెల్లబరిచే హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుందని, కాగితం మిల్లులకు ఇక దాన్ని మోసే ట్యాంకర్లు అక్కర్లేదని ఒడిశాలోని రాయగడ, గుణుపురం తెలుగువాళ్ళ మధ్య మళ్ళీ చర్చ నడుస్తోంది. 2025 కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ముగ్గురిలో, ఇలాంటి పదార్థాలు చేసే రసాయన శాస్త్రవేత్త ఒమర్ యాగీ ఉండటంతో దీనికి ఊపొచ్చింది. నిజానికి ఆ బహుమతి లోహం కలిసిన చట్రాలకు. ఇక్కడ మాట్లాడుతున్నది ఎండలో పెరాక్సైడ్ చేసే పొడి గురించి, అంటే లోహం లేకుండా కార్బన్, నైట్రోజన్ లాంటి వాటితో అల్లిన, సన్నటి రంధ్రాలున్న పొడి గురించి. 2005లో దాన్నీ మొదట చేసింది యాగీ బృందమే కనుక, ఈ గందరగోళాన్ని క్షమించేయొచ్చు.

అసలు మలుపు మాత్రం 2019లో, జపాన్‌లో. అంతకుముందు చాలా ల్యాబుల్లో నీళ్ళకు ఆల్కహాల్ కలిపేవారు. వెలుతురు పడగానే పొడిలోని ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌ను పెరాక్సైడ్‌గా మారుస్తాయి. ఎలక్ట్రాన్లు పోయి పొడిలో ఏర్పడిన లోటును నీళ్ళకన్నా ఆల్కహాల్ తేలిగ్గా పూడుస్తుంది. అంకెలు ఘనంగా వచ్చేవి, ఆల్కహాల్ మాత్రం ఖర్చయిపోయేది. ఒసాకా విశ్వవిద్యాలయంలో షిరాయిషి బృందం రిసార్సినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో లోహం లేని చవకైన రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొడి చేసి, నీళ్ళు, ఆక్సిజన్‌తోనే పని జరిపింది. ఎండలోని శక్తిలో 0.5 శాతం పెరాక్సైడ్‌లో నిలిచింది. మామూలు మొక్కలు నిలుపుకునేది 0.1 శాతం దగ్గరే.

ఈ 0.5 దగ్గరే మన తగువంతా ఉంది. చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 యూనిట్ల ఎండ పడుతుందనుకుంటే, వచ్చే పెరాక్సైడ్ 26 గ్రాములు. రోజుకో టన్ను కావాలంటే తొమ్మిదెకరాలు దాటుతుంది. అదీ బాగా పలచగా. మిల్లుకు పనికొచ్చేలా చిక్కబరచడానికి మళ్ళీ ఖర్చు.

ఎండ పద్ధతిని వెనకేసుకొచ్చేవారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఇప్పుడు పెరాక్సైడ్ తయారీకి ఫ్యాక్టరీల్లో వాడే ఆంత్రాక్వినోన్ పద్ధతికి సహజవాయువు నుంచి తీసే హైడ్రోజన్, పల్లాడియం అనే ఖరీదైన లోహం, పెద్ద ఫ్యాక్టరీ కావాలి. అక్కడి నుంచి చిక్కటి ద్రావణాన్ని దూరాలు మోయడం ప్రమాదమే. క్లోరిన్ బదులు పెరాక్సైడ్‌తో గుజ్జు తెల్లబరిస్తే రాయగడ మీదుగా పారే నాగావళికీ మేలు.

కానీ భూమి ఎవరిది? రాయగడ షెడ్యూల్డ్ జిల్లా. గిరిజనుల భూమి ఇతరులకు పోకుండా 1956 నుంచి నిబంధన ఉంది. 2023 నవంబరులో దాన్ని సడలిస్తామని ఒడిశా మంత్రివర్గం అంటే గొడవై, కొద్ది రోజుల్లోనే ఆపేయాల్సి వచ్చింది. అందుకే ‘ఎండ ఫ్యాక్టరీ’ అనగానే కొండ ఊళ్ళవాళ్ళు ముందు సర్వే నంబరు అడుగుతున్నారు. ఆ అడగడంలో తప్పేమీ కనిపించదు.

మిల్లును వదిలేస్తే, పలచటి పెరాక్సైడ్ క్రిములను చంపడానికి పనికొస్తుంది. ట్యాంకర్ చేరని ఆరోగ్య ఉపకేంద్రం డాబా మీద నాలుగు చదరపు మీటర్లు చాలు, రోజుకు వంద గ్రాములు. పొడి ఎన్నాళ్ళు చెడకుండా పనిచేస్తుందన్నది తేల్చుకోవడానికీ ఆ డాబానే అనువైన చోటు.