మన్యం సంతలో తక్కెడ ఎవరిది?

మాఘం దాటాక పాడేరు ఘాట్ ఎక్కి పైకి వెళ్తే, రోడ్డు పక్కన చింతచెట్ల కింద ఆడవాళ్లు కాయలు కొట్టి గింజ తీస్తూ కనిపిస్తారు. ఆ పండే రెండు మూడు చేతులు మారి విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కి చేరుతుంది. మనం దుకాణంలో ఇచ్చే డబ్బుకూ, చెట్టు కింద కూర్చున్న మనిషికి దక్కిన డబ్బుకూ పొంతన ఉండదు. ఘాట్ రోడ్డు ఖర్చు, దళారీ లాభం ఎంత తీసేసినా ఇంకా చాలా మిగులుతుంది. ఆ మిగులు ఎక్కడికి పోతోందో తెలియాలంటే వారపు సంత రోజున తెల్లవారకముందే వెళ్లాలి.

సంత మొదలయ్యేది సంత మైదానంలో కాదు, ఊరి పొలిమేరలో. కొండదారి వచ్చి రోడ్డులో కలిసే చోట వ్యాపారుల మనుషులు చీకటితోనే నిలబడి ఉంటారు. తలమీద తట్టతోనో భుజాన కావిడితోనో దిగివచ్చే మనిషిని మైదానం దాకా పోనివ్వరు. తట్ట మీద చెయ్యి వేసి, దించి, అక్కడే తూచి, అక్కడే లెక్క తేలుస్తారు. మొదటిసారి చూసినప్పుడు ఏదో గొడవ జరుగుతోందని నేను ఆగిపోయాను. కాసేపటికి అర్థమైంది, అదే బేరమని. ఆ పూట చూసింది నన్ను ఇప్పటికీ వదల్లేదు. అమ్మేవాళ్లు నోరు విప్పకుండా జరిగిపోయే బేరం అది.

ఈ కొండల్లో కొనడానికీ అమ్మడానికీ విశాఖపట్నం కేంద్రంగా ఒక ప్రభుత్వ సంస్థ 1956 నుంచి ఉంది. వడ్డీకీ భూమికీ పరిమితులు పెట్టిన చట్టం అంతకన్నా పాతది, 1917 నాటిది. మరి ఇన్నేళ్లయినా పొలిమేరలో ఆ తక్కెడ ఎలా నిలిచింది?

ముందు ఉప్పు సంగతి చెప్పుకోవాలి. మన్యంలో తిండిగింజలు పండుతాయి, కూర దొరుకుతుంది, ఇల్లు కట్టుకునే కలప ఉంటుంది. ఉప్పు మాత్రం సముద్రం నుంచి రావాల్సిందే. తర్వాత గుడ్డ, కిరోసిన్ దాని వెంట వచ్చాయి. వాటిని మైదాన ప్రాంతం నుంచి మోసుకొచ్చిన షావుకారు బదులుగా చింతపండు, కరక్కాయ, పసుపు, పిప్పలి తీసుకుపోయేవాడు. కొలతకు వాడే కుంచం అతనిదే. చేతిలో గింజల్లేని వానాకాలంలో అప్పిచ్చేదీ అతనే. పంట రాగానే బాకీ కింద సరుకు జమ అవుతుంది. ఎంత తీరిందో, ఎంత మిగిలిందో రాసి ఉన్న పద్దు షావుకారు ఇంట్లో ఉంటుంది, చదవడం అతనికొక్కడికే వచ్చు. అమ్మేవాడు, కొనేవాడు, అప్పిచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు ధర అనే మాటకు అర్థమే ఉండదు.

బ్రిటిష్ ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని 1839లోనే మామూలు పాలన నుంచి విడదీసి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా పెట్టింది. ‘ఏజెన్సీ’ అన్న మాట మనకు అలా వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకునే నేలకు హద్దులు పడ్డాయి, అడవి సరుకు సర్కారు లెక్కలోకి వెళ్లింది. అంటే షావుకారు మీద ఆధారపడకుండా బతికే దారి అప్పటికే సన్నబడింది. భూములు అప్పుల కింద చేతులు మారుతుంటే 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చారు. కొండజాతివాళ్ల భూమి బయటివాళ్లకు పోవాలంటే ఏజెంటు అనుమతి కావాలన్నారు. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదనీ, మొత్తం వడ్డీ అసలును మించకూడదనీ రాశారు. ఈ నాటికి చదివినా మంచి చట్టమే. అయితే ఫిర్యాదు చేయాల్సిన మనిషి రెండు రోజులు నడిచి కచేరీకి పోవాలి, అక్కడ రుజువుగా చూపాల్సిన పద్దు షావుకారు పెట్టెలో ఉంటుంది.

మరో అయిదేళ్లకు ఇదే నేల మీద అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైందని అందరికీ తెలుసు. దాని వెనకున్న కారణాల్లో ఒకటి రోడ్డు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి దారి వేయించడానికి గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత సరైన కూలీ ఇవ్వకుండా పని చేయించాడు. అభివృద్ధి పని అన్నది మన్యం ఎక్కిన తీరు అది. ఇది గుర్తుంచుకోవాలని నేను గట్టిగా అంటాను. పైకి వచ్చే ప్రతి పథకాన్నీ అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ కొంత అనుమానంతో చూస్తారంటే అందుకు చరిత్రే సాక్ష్యం.

స్వాతంత్ర్యం తర్వాత 1952 అక్టోబరు 2న సమాజ అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. మైదానపు గ్రామాలకు కుట్టిన ఆ చొక్కా కొండలకు సరిపోదని తేలి, 1956లో దేశవ్యాప్తంగా 43 ప్రత్యేక గిరిజన బ్లాకులు ఏర్పాటు చేశారు. అరకు వాటిలో ఒకటి. అదే ఏడాది విశాఖపట్నంలో పుట్టిన సంస్థే తర్వాత గిరిజన సహకార సంస్థ అయింది, మనం జీసీసీ అంటున్నాం.

జీసీసీ ఆలోచన నాకెప్పుడూ గౌరవం కలిగిస్తుంది. షావుకారు పట్టు ఎక్కడుందో దాన్ని రూపొందించినవాళ్లకు బాగా తెలుసు. అందుకే సరుకు కొనడంతో ఆగలేదు. డీఆర్ డిపోలనే నిత్యావసరాల దుకాణాలు పెట్టి ఉప్పు, బియ్యం, నూనె, కిరోసిన్ అమ్మించారు, కొంత పంట రుణం కూడా ఇప్పించారు. కొనుగోలు, అమ్మకం, అప్పు, ఈ మూడు ముళ్లనూ ఒకేసారి విప్పాలని చూశారు. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ వచ్చింది. కొన్ని ఊళ్లను కలిపి ముఠాదారు అనే పెద్ద చేతికిచ్చి శిస్తు వసూలు చేయించే ముఠాదారీ పద్ధతి 1969లో రద్దయింది. శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజనోద్యమం రగులుతున్న రోజుల్లో 1970 ఫిబ్రవరిలో వచ్చిన 1/70 రెగ్యులేషన్ భూబదిలీకి తలుపు మూసేసింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి ఎవరు అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర నుంచి వచ్చినదేనని ముందుగా భావిస్తారు, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 1917 చట్టంలో రుజువు బరువు బాధితుడి మీద ఉండేది, ఇక్కడ అది తిరగబడింది. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది.

ఆ తర్వాత 1979లో అటవీ ఫలసాయం వ్యాపారం మీద మరో రెగ్యులేషన్ వచ్చి, కొనుగోలుకు జీసీసీకి గుత్తహక్కు ఇచ్చింది. షావుకారును ఏకంగా బయటకు పంపాలన్నది ఉద్దేశం. కథ మలుపు తిరిగింది ఇక్కడేనని నేను అనుకుంటాను. షావుకారు దగ్గరైనా, సంస్థ దగ్గరైనా కొనేవాడు ఒక్కడే ఉంటే అమ్మేవాడి చేతిలో ధర ఉండదు. డిపో తెరవని రోజు, డబ్బు ఆలస్యమైన వారం, జాబితాలో లేని సరుకు వచ్చినప్పుడు ఆ మనిషి ఎక్కడికి పోవాలి? పెళ్లికో జబ్బుకో రాత్రికి రాత్రి డబ్బు కావాలంటే సంస్థ ఇవ్వలేదు, షావుకారు ఇచ్చాడు. చట్టం వాకిట్లోంచి పంపినవాడు పెరటి తోవన మళ్లీ లోపలికి వచ్చాడు. పొలిమేరలో నిలబడుతున్నది అతని వారసులే.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. ఆఫ్రికాలో గోల్డ్ కోస్ట్‌గా ఉన్న ఘనాలో 1947లో కోకో మార్కెటింగ్ బోర్డు పెట్టారు. విదేశీ కంపెనీల నుంచి రైతును కాపాడాలని మొదలైన ఆ బోర్డు ప్రపంచ ధరకన్నా బాగా తక్కువ చెల్లించి, మిగులును ప్రభుత్వ ఖజానాకు మళ్లించింది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలకు పరిశ్రమలు కట్టడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు పల్లె నుంచి, పంట ధర తగ్గించి తీశారు. 1980లలో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ షరతులతో చాలాచోట్ల ఇలాంటి బోర్డులను ఎత్తేశారు. నైజీరియా 1986లో రద్దు చేసింది. అక్కడి రైతు కొన్నేళ్లు మంచి ధర చూశాడు, నాణ్యత చూసే దిక్కు, ధర పడితే ఆదుకునే దిక్కు మాత్రం లేకుండాపోయింది. ఈ రెండు దారులనూ చూశాక, జీసీసీని మూసేయాలనేవాళ్లతోనూ నేను ఏకీభవించలేను, దానికి గుత్తహక్కు ఉండాలనేవాళ్లతోనూ ఏకీభవించలేను.

పెట్టుబడి కొండల్లోకి రాలేదని ఎవరూ అనడానికి లేదు. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్‌కు వెళ్లే కేకే లైను 1960లలో కట్టారు. సొరంగాలు, వంతెనలు, వెయ్యి మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తున శిమిలిగూడ స్టేషను, ఇంజినీర్ల పనితనానికి చేతులెత్తి మొక్కాలి. అయితే అది వేసింది బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపాన్ పంపడానికి. విదేశీ మారకం కోసం ఖనిజానికి రైలు వచ్చింది. చింతపండు కావిడి మీదే దిగింది. ముంచంగిపుట్టు, పెదబయలు వైపు ఊళ్లలో ఇప్పటికీ గుర్రాల మీద బస్తాలు వేసుకొస్తారు. రోడ్డు లేని ఊళ్ల నుంచి నిండు గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చే వార్త ఏటా చదువుతూనే ఉన్నాం.

ఇక కాఫీ. ఇక్కడ కథ కొంచెం వేరుగా నడిచింది, అందుకే దీని దగ్గర ఆగాలి.

ఈ కొండల్లో కాఫీ మొక్క బ్రిటిష్ కాలంలోనే వచ్చింది. అటవీ శాఖ 1960లలో తోటలు వేసింది, 1970ల మధ్యలో జీసీసీ గిరిజన రైతుల చేత నాటించడం మొదలుపెట్టింది. పోడు మాన్పించాలన్నది ప్రభుత్వ లెక్క. దాదాపు 900 మీటర్ల ఎత్తు, సిల్వర్ ఓక్ నీడ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ, అన్నీ కుదిరాయి. అయితే దేశమంతటా కాఫీ రైతు పండిందంతా 1942 చట్టం కింద పుట్టిన కాఫీ బోర్డు పూల్‌కే, అంటే అందరి పంటనూ కలిపి అమ్మే ఉమ్మడి ఖాతాకే అప్పగించాల్సి వచ్చేది, డబ్బు వాయిదాల్లో వచ్చేది. పైన ప్రపంచంలో 1962 అంతర్జాతీయ కాఫీ ఒప్పందం దేశాలకు కోటాలు పెట్టి ధర నిలబెట్టేది. 1989 జులైలో ఆ కోటాలు కూలాయి, ప్రపంచ ధర దారుణంగా పడిపోయింది. మన దేశంలో 1992 నుంచి 1996 మధ్య పూల్‌ను దశలవారీగా తీసేశారు. పాడేరు కొండ మీద రెండెకరాల తోట ఉన్న మనిషికి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. అమ్ముకునే స్వేచ్ఛ వచ్చిందన్న సంగతి అతనికి దళారీ రూపంలోనే తెలిసింది.

ఆ దశలోనే రాష్ట్రంలో 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. దాని విలువ మనం సరిగా గుర్తించలేదని నా బాధ. 1964 సహకార చట్టం కింద సంఘం తలరాత రిజిస్ట్రారు చేతిలో ఉండేది. కొత్త చట్టంలో ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే పెట్టుబడి పెట్టి, సభ్యులే నడుపుకోవచ్చు. 2000 తర్వాత అరకులో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో రైతులు ఈ చట్టం కిందే సంఘంగా కూడారు. పండును ఎరుపు చూసి కోయడం, గుజ్జు తీసి కడిగి ఆరబెట్టడం, గింజను వేరుచేసి దాచడం నేర్చుకున్నారు. 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీసీసీ కూడా కాఫీ కొనుగోలులోకి గట్టిగా దిగి, సీజనుకు ముందే ధర ప్రకటించడం మొదలుపెట్టింది. ఒకే గింజకు జీసీసీ, సంఘం, ప్రైవేటు వ్యాపారి ముగ్గురూ పోటీపడుతుంటే పొలిమేరలో చెప్పే ధర కూడా పైకి కదిలింది. చింతపండుకు ఇన్నేళ్లూ జరగనిది ఇదే.

నేల మీద హక్కు లేకుంటే ఇదంతా నిలిచేది కాదు. అనంతగిరి మండలంలో బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం ప్రభుత్వానికైనా చెల్లదన్నది. 2015లో చింతపల్లి వైపు బాక్సైట్ తవ్వకాలకు అటవీ భూమి మళ్లిస్తూ 97వ నంబరు జీవో వచ్చినప్పుడు కాఫీ రైతులే ముందు రోడ్డెక్కారు. జీవో 2019లో రద్దయింది. చెట్టుకు విలువ తెలిసిన మనిషి కొండను వదలడు.

చిన్న అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గ్రామసభదేనని, పంచాయతీ పాలనను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 పీసా చట్టం చెప్పింది. సేకరించి, మోసుకుపోయి, అమ్ముకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. 1979 గుత్తహక్కుకూ వీటికీ పొసగదు. అయినా అడ్డాకులకో చింతపండుకో గ్రామసభ కూర్చుని ధర పెట్టుకున్న ఊరిని నా తిరుగుడులో నేను చూడలేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాకు, పాడేరు కేంద్రానికి వెళ్లిపోయింది. జీసీసీ ప్రధాన కార్యాలయం మాత్రం విశాఖపట్నంలోనే ఉంది, ఓడరేవూ ఇక్కడే ఉంది.

శీతాకాలంలో కాఫీ పండు కోతకొస్తుంది. కోసిన పండు ఆ రోజే తొక్క, గుజ్జు ఒలిచే పల్పర్ యంత్రంలో పడాలి, లేకపోతే సంచిలోనే పులిసిపోతుంది. ఊళ్లోనే పల్పర్, ఆరబెట్టుకునే కళ్లం ఉన్న చోట రైతు గింజను ఇంట్లో పెట్టుకుని ఎవరు ఎంతిస్తారో వారం పాటు చూడగలడు. అవి లేని ఊరి మనిషి సాయంత్రానికల్లా పండు సంచి తలకెత్తుకుని దిగాలి. దారి రోడ్డులో కలిసే చోట తక్కెడ సిద్ధంగా ఉంటుంది.