పెగ్‌కూ యాంటీబాడీలు: తేలడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది?

పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు ఇచ్చే పెగాస్పర్గేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్ కొందరి ఒంట్లో తొందరగా పనికిరాకుండా పోతుంది. దద్దుర్లు రావు, ఆయాసం రాదు, పైకి ఏమీ తెలియదు. మందుకు తగిలించిన పెగ్ (పాలిఇథిలిన్ గ్లైకాల్) అనే కృత్రిమ పాలిమర్ మీద రక్తంలో యాంటీబాడీలు ఉండటం అందుకు ఒక కారణం. 2007లో వచ్చిన ఒక అధ్యయనం ఈ సంబంధాన్ని చూపించింది. అందుకే ఎంజైమ్ మిల్లీలీటరుకు కనీసం 0.1 యూనిట్ ఉందో లేదో రక్తపరీక్షతో చూసుకోవడం అవసరం.

నిజానికి పెగ్‌ను మందుల్లోకి తెచ్చిందే రోగనిరోధక శక్తి కంట పడకుండా ఉండటానికి. 1977లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో ఫ్రాంక్ డేవిస్, అబ్రహాం అబుచౌస్కీ బృందం పశువుల ప్రొటీన్లకు పెగ్ గొలుసులు అతికించి ఈ దారి చూపింది. అలా పెగ్ తగిలించిన మందుల్లో 1990లో అడాజెన్‌కు, 1994లో ఆన్‌కాస్పర్‌కు (పైన చెప్పిన పెగాస్పర్గేజ్ ఇదే) అక్కడ అనుమతి వచ్చింది. ఇప్పుడు మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కూడా పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అనే పెగ్ మందు అమ్ముతోంది.

హెచ్చరిక మాత్రం మొదట్లోనే వచ్చింది. 1983లో రిక్టర్, ఆకర్‌బ్లోమ్ అనే పరిశోధకులు కుందేళ్లలో పెగ్‌పై యాంటీబాడీలు పుట్టడం చూశారు. మరుసటి ఏడాది ఆరోగ్యవంతులైన రక్తదాతల్లోనూ అవి కనిపించాయి. కానీ 0.2 శాతం మందిలోనే! అంత చిన్న అంకె చూసి చాలామంది నిశ్చింతగా ఉండిపోయారు. అది అప్పటి పరీక్ష పట్టుకోగలిగిన అంకె మాత్రమేనా అని గట్టిగా అడగాల్సింది.

పెగ్‌ను కొలవడమే కష్టం. ఒకే చిన్న ముక్క మళ్లీ మళ్లీ వచ్చే గొలుసు అది. 1999లో తైవాన్‌లోని అకడెమియా సినికాలో స్టీవ్ రోఫ్లర్ బృందం ఎలుకల నుంచి తయారుచేసిన పెగ్ యాంటీబాడీ గురించి ప్రకటించింది. తర్వాత అలాంటివి మరికొన్ని వచ్చాయి. వాటితో పెగ్‌ను కొలవొచ్చు: ప్లేటుకు అంటించిన ఒక యాంటీబాడీ పెగ్‌ను పట్టుకుంటుంది, పైనుంచి ఇంకొకటి దాన్ని చూపిస్తుంది. ఇక్కడో చిక్కుంది. ఎలైసా అనే ఇలాంటి పరీక్షల్లో ప్లేట్లు కడగడానికి ల్యాబుల్లో మామూలుగా వాడే ట్వీన్-20 అనే డిటర్జెంట్‌లోనే పెగ్ లాంటి గొలుసులున్నాయి. యాంటీబాడీ వాటికి అతుక్కుంటే ఫలితం తప్పుతుంది. కాబట్టి వేరే డిటర్జెంట్ వాడాలి.

పరీక్షలు మెరుగయ్యాక, 2016లో అమెరికాలో చూస్తే 72 శాతం రక్త నమూనాల్లో పెగ్ యాంటీబాడీలు తేలాయి. 1970ల నుంచి 1990ల దాకా దాచిపెట్టిన పాత నమూనాల్లోనూ 56 శాతం! షాంపూలు, క్రీములు, విరేచనం మందుల ద్వారా పెగ్ మన ఒంటికి తగులుతూనే ఉంది. అయినా ఆ 56 శాతాన్ని బట్టి చూస్తే, వాడకం పెరగడం ఒక్కటే కారణం కాదు, పాత పరీక్షలకు అవి చిక్కలేదు.

ఈలోపే, 2014లో, పెగ్నివకోజిన్ అనే గుండె మందు ట్రయల్ తీవ్ర అలర్జీల వల్ల ఆగిపోయింది. ముందే ఉన్న పెగ్ యాంటీబాడీలకు వాటితో సంబంధం ఉందని తర్వాత తేలింది. పెగ్ ఉన్న మందులకు పెగ్‌పై యాంటీబాడీలను కూడా పరీక్షించాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అదే ఏడాది సూచించింది. కానీ రక్తంలో ఈ యాంటీబాడీలు ఎంత స్థాయి దాటితే ప్రమాదమో చెప్పే, అన్ని ల్యాబులూ ఒప్పుకున్న ఒకే గీత లేదు. ముందుగా కావలసింది అదే.