ట్యాంకులో డీజిల్ ఉండగా లారీ ఎందుకు ఆగింది?

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. నర్సంపేట దారిలో పత్తి లారీ అడ్డంగా ఆగిపోతే మీ బడి బస్సు వెనకాలే చాలాసేపు నిలబడిపోయిందని రాశారు. డ్రైవరు ట్యాంకులో కర్ర ముంచి చూస్తే సగానికి పైగా తడిసిందట. క్లీనరు ఇంజిన్ పక్కన ఏదో చిన్న మీటను పదే పదే నొక్కితే నురగ వచ్చిందట. “డీజిల్ ఉండగా ఎందుకు ఆగింది తాతా?” అని అడిగారు. ఈ ప్రశ్న వేసుకోకుండానే ఇంజిన్ మొత్తం విప్పించిన యజమానులు నాకు తెలుసు.

పాకాల చెరువు చూశారు కదా. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిది, 13వ శతాబ్దపు పని. అది నిండినంత మాత్రాన చివరి మడి తడవదు. తూము తెరుచుకోవాలి, కాలువలో పూడిక ఉండకూడదు, మడులకు నీళ్లు పంచే నీరటి వంతు తప్పకుండా వదలాలి. లారీలో ట్యాంకు చెరువు, పైపులు కాలువలు. ఫీడ్ పంపు డీజిల్‌ను లాగుతుంది. చెత్తకు అడ్డం పెట్టిన తడిక ఫిల్టరు. ఇంజెక్షన్ పంపు నీరటి, సిలిండర్లు మడులు. మన నీరటి పార భుజాన వేసుకుని తాపీగా నడుస్తాడు. ఈ నీరటికి ఆ తీరిక లేదు. ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే ఒక్కో మడికి 750 సార్లు, వేళ తప్పకుండా, కొలత తప్పకుండా వదలాలి.

మడి ఎండితే పెద్దలు ముందుగా నీరటి మీద అరవరు. తూము దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట నడుస్తారు. మెకానిక్కు కూడా అలాగే నడవాలి. ముందు ట్యాంకు మూత. దానికి గాలి పోయే చిన్న దారి ఉంటుంది. డీజిల్ తగ్గినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దుమ్ముతో దారి మూసుకుపోతే పంపు ఎంత లాగినా డీజిల్ కదలదు. బండి కొంత దూరం పోయి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ కదులుతుంది. మూత తిప్పగానే ఉస్సుమంటే దొంగ దొరికినట్టే. తరువాత ఫిల్టరు. అది పూడితే బండి చదునులో బాగానే పోతుంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నీరసపడుతుంది.

మీ వయసులో నేను వేసవి సెలవుల్లో మేనమామ వెంట వరంగల్‌లో ఒక లారీ షెడ్డుకు పోయేవాడిని. పని నేర్పమంటే అక్కడి ఉస్తాద్ నా చేతికి ఒక గాజు గ్లాసు ఇచ్చాడు. వచ్చిన ప్రతి లారీకీ ఫిల్టరు అడుగున బిరడా వదులు చేసి, కాస్త డీజిల్ పట్టి గోడ మీద పెట్టాలి. డ్రైవర్లు పంపు పోయిందనీ, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పోయిందనీ వాదించుకుంటుంటే ఆయన సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. డీజిల్‌లో నీళ్లు కలిసి ఉంటే, చాయ్ అయిపోయేసరికి గ్లాసులో గీత తేలేది. నీళ్లు బరువు కనుక కింద, డీజిల్ పైన. అప్పుడు గ్లాసు చూపించేవాడు, అంతే. తొందరపడి ఖరీదైన వస్తువు మీద నింద వేయకూడదని ఆ షెడ్డులోనే నేర్చుకున్నాను. మనుషుల విషయంలోనూ ఇది పనికొస్తుంది, మీ ఇద్దరి పోట్లాటల్లో మరీ ఎక్కువ.

ఇక ఆ నురగ సంగతి. ఇక్కడ నా చెరువు చేతులెత్తేస్తుంది, ఎందుకంటే కాలువలో గాలి బుడగలు పోతే మడికి నష్టం లేదు. లారీకి ఉంది. సూది లేని కొత్త సిరంజి తీసుకుని, మొన వేలితో మూసి నొక్కండి. లోపల గాలి ఉంటే నలిగి సర్దుకుంటుంది. నీళ్లుంటే కదలదు. డీజిల్ కూడా నీళ్లలాగే మొండిది. పాత లారీల్లో నాజిల్ తెరుచుకోవాలంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు కావాలి. పైపులో గాలి చేరితే పంపు నొక్కుడంతా దాన్ని నలపడానికే సరిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. అందుకే స్క్రూ వదులు చేసి, నురగ పోయి తేటగా ధార వచ్చేదాకా చేతి పంపు కొట్టి బిగిస్తారు. దీన్నే ఎయిర్ తీయడం అంటారు.

కానీ గాలి ఎక్కడి నుంచి వచ్చింది? ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య వాషరు అరిగినా, పైపుకు పగులు వచ్చినా బయటికి చుక్క కారకపోవచ్చు. అక్కడ పంపు లాగుతోంది కనుక గాలే లోపలికి పోతుంది. ఆ చోటు పట్టుకోకపోతే లారీ ములుగు చేరేలోపే మళ్లీ ఆగుతుంది.

ఇంతా చేసి సిలిండర్లోకి చేరిన ఆ చుక్కను వెలిగించేది ఎవరు? అగ్గిపుల్ల లేదు, స్పార్కు ప్లగ్గూ లేదు. గట్టిగా నొక్కిన గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఈ ఇంజిన్‌ను నడిపి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో అలాంటి ఇంజినొకటి పల్లీ నూనెతో నడిచింది! మీ అమ్మ పోపు పెట్టే నూనెతో. దీని గురించి ఇంకేం చెప్పను, నాకే ఇప్పటికీ ఆశ్చర్యం తీరలేదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కొత్త లారీల్లో డీజిల్ ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 1,600 రెట్లు కూడా దాటుతుంది. సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. నడుస్తున్న ఇంజిన్ పైపుల దగ్గర చెయ్యి పెట్టకండి, దూరంగా నిలబడి చూడండి.

సిరంజిలో సగం నీళ్లు, సగం గాలి ఉంచి కూడా నొక్కి చూడండి. ఏమైందో బొమ్మ వేసి పంపండి.

మీ తాత,
హనుమకొండ